ఆపమని చెప్పే మనిషి

మాస్కు కట్టుకున్న ప్రతి మనిషి వెనక్కీ వెళ్ళి, పట్టీకీ తలకూ మధ్య రెండు వేళ్ళు దూర్చి చూస్తాడాయన. వేళ్ళు సులువుగా దూరితే పట్టీ వదులు. అసలు దూరకపోతే మరీ బిగువు. పావుగంటలో తల నొప్పెట్టి ఆ మనిషే మాస్కు పైకెత్తేస్తాడు. రెండు వేళ్ళూ ఇరుకుగా దూరాలి, లాగితే మాస్కు ముక్కు మీంచి కదలకూడదు. కళ్ళద్దాలున్నవాళ్ళను పక్కకు పిలిచి, వాళ్ళకని విడిగా దాచిన లోతైన మాస్కులు ఇస్తాడు. ఆడవాళ్ళ దగ్గర మాత్రం తాను చెయ్యి పెట్టడు. "జడ మీదికెత్తు బిడ్డా. పట్టీ జడ కిందికెళ్ళి పోవాలె. ఆ క్లిప్పు తీసి జేబులేస్కో" అని రెండడుగుల దూరంలో నిలబడి చెబుతాడు. ముప్పై మందికి పైగా ఉన్న బృందానికి ఈ తంతుకే చాలాసేపు పట్టింది. వాళ్ళను తీసుకొచ్చిన హెచ్‌ఆర్ అమ్మాయి మాటిమాటికీ గడియారం చూసుకుంటోంది.

నన్ను పంపిన సంపాదకుడికి కావలసింది ఇది కాదు. వేసవి సంచికకు నగర శివార్లలోని కొత్త వినోదాల మీద రంగుల పేజీలు వేయాలని ఆయన ఆలోచన. నవ్వే ముఖాలు, రంగు మరకల టీషర్టులు, టికెట్ ధరలకో డబ్బా. అందుకని ఏప్రిల్ చివరి ఆదివారం పొద్దున్నే చేవెళ్ల దారిలో మర్రిచెట్ల నీడలన్నీ దాటుకుని ఈ పెయింట్‌బాల్ మైదానానికి చేరాను. చుట్టూ ఎత్తయిన వల, లోపల టైర్ల గుట్టలు, నూనె డ్రమ్ములు, సిమెంటు తూములు, తుక్కు కింద కొన్న ఓ ఆటో. మైదానం గురించి ఇంతకంటే చెప్పడానికేమీ లేదు. ఇలాంటివి ఊరి చుట్టూ చాలానే వచ్చాయి. అన్నిటిలోనూ అవే టైర్లు, అవే డ్రమ్ములు.

నేను ఆగిపోయింది ఆ రెండు వేళ్ళ దగ్గర. ఆయన వికారాబాదు వైపు జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేసి రిటైరయ్యాడు. ఇక్కడ అందరూ పీఈటీ సార్ అనే పిలుస్తారు. మండల స్థాయి నుంచి జిల్లా స్థాయి దాకా కబడ్డీ పోటీలకు రిఫరీగా, అంపైర్‌గా నిలబడ్డ మనిషి. మెడలో ఇప్పటికీ ఆనాటి ఇత్తడి విజిలే. మైదానం యజమాని ఒకప్పుడు ఆయన దగ్గర చదువుకున్నాడట. ఆ చనువుతో ఆదివారాలు వచ్చి, మార్షల్ పనికి కొత్తగా చేరిన పిల్లలను చూసుకోమని అడిగాడు. పెయింట్‌బాల్‌లో రిఫరీని మనవైపు మార్షల్ అంటారు. ఆటగాళ్ళు మాత్రం "బాయ్" అంటారు, లేదా "భయ్యా" అంటారు. తుపాకీలో గోలీలు అయిపోయినప్పుడు పిలిచేదీ వాళ్ళనే, మంచినీళ్ళు కావలసినప్పుడు పిలిచేదీ వాళ్ళనే.

ఆట మొదలయ్యే ముందు నియమాలు చెప్పాలి. హెచ్‌ఆర్ అమ్మాయి మైకులో "గైస్, ప్లీజ్ లిజన్" అని మూడుసార్లు అంది. ఎవరూ ఫోన్లలోంచి తలెత్తలేదు. సార్ మైకు తీసుకోలేదు. జేబులోంచి ఓ టమాట తీసి, పది అడుగుల దూరంలోని డ్రమ్ము మీద పెట్టాడు. వెనక్కొచ్చి, తుపాకీ ఎత్తి, ఒక్కసారి పేల్చాడు. టమాట ఉన్నచోట ఏమీ మిగల్లేదు. గింజలు ముందు వరుసలో ఉన్నవాళ్ళ చొక్కాల మీద పడ్డాయి. "కన్ను టమాట కంటే మెత్తగుంటది" అన్నాడు తెలుగులో, ఆ వెంటనే హిందీలో. అప్పుడు ఫోన్లు జేబుల్లోకి వెళ్ళాయి. మిగతాదంతా రెండు నిమిషాల్లో చెప్పేశాడు. వల లోపల ఏ కారణానికీ మాస్కు తీయొద్దు. వల బయట ఏ కారణానికీ తుపాకీ మూతికి తొడిగిన సాక్సు తీయొద్దు. విజిల్ పడితే వేలు ట్రిగ్గర్ మీద ఉండొద్దు.

ఈ టమాట ప్రదర్శన యజమానికి నచ్చదని తర్వాత తెలిసింది. కస్టమర్లు భయపడుతున్నారట. భయపడాలి మరి. పెయింట్‌బాల్ వ్యాసం 0.68 అంగుళం, అంటే 17 మిల్లీమీటర్ల పైచిలుకు. బరువు 3 గ్రాములకు అటూఇటూ. మైదానాల్లో సాధారణంగా అనుమతించే గరిష్ఠ వేగం సెకనుకు 280 నుంచి 300 అడుగులు. గంటల లెక్కన 300 కిలోమీటర్లు దాటుతుంది. ఒంటి మీద తగిలితే నాలుగు రోజులుండే కమిలిన మచ్చ, అంతే. కానీ మన కంటిగుడ్డు 24 మిల్లీమీటర్లు. దాని చుట్టూ ఉన్న ఎముక చట్రం ఫుట్‌బాల్‌ను ఆపుతుంది, క్రికెట్ బంతినీ చాలావరకు ఆపుతుంది. ఈ గోలీని ఆపలేదు. నేరుగా లోపలికి పోతుంది. ఈ ఆట పుట్టిన పదేళ్ళలోపే కంటివైద్యుల పత్రికలు ఇలాంటి కేసుల గురించి రాయడం మొదలుపెట్టాయి. వాటిలో ఎక్కువ భాగం ఒకే కథ: మాస్కు లేదు, లేదా ఒక్క క్షణం పైకెత్తారు. ఆ ఒక్క క్షణాన్ని పట్టుకోవడానికే మార్షల్ ఉన్నాడు. గెలుపోటములు చెప్పడం ఆ తర్వాతి పని.

ఆ రోజు ఇద్దరు కొత్త పిల్లలున్నారు. ఒకడు పరిగి నుంచి, డిగ్రీ రెండో ఏడాది. ఇంకొకడు కొడంగల్ వైపు నుంచి, ఇంటర్ అయ్యాక ఏదీ కుదరక వచ్చాడు. మొదటి ఆటలో సార్ వాళ్ళకు విజిల్ ఇవ్వలేదు. తనతో పాటు నడవమన్నాడంతే. నేనూ మాస్కు కట్టుకుని, పసుపు జాకెట్టు తొడుక్కుని వెనక నడిచాను. పిల్లలిద్దరూ సహజంగానే గోలీ ఎటు పోతోందా అని తల తిప్పుతున్నారు.

"బాల్ వెనక పోకు. అది నీ కంటికి దొర్కది. మనిషిని చూడు" అన్నాడు సార్. "తాకినోడి భుజం ఎగురుతది. ముందుగాల తాకిన జాగ చూస్కుంటడు. దొంగోడు జాగ చూడడు, ముందుగాల నిన్ను చూస్తడు."

ఈ మాట ఎక్కడిదో ఆయన్ను అడగాల్సిన పని లేకపోయింది. కబడ్డీ అంపైరు ముప్పై సెకన్ల కూతలో వినవలసింది ఊపిరి. కూత ఎక్కడ తెగిందో, ఎక్కడ దొంగ ఊపిరి తీసి మళ్ళీ అందుకున్నాడో చెవి పట్టుకోవాలి. కన్ను అదే సమయంలో పాదాల మీద ఉండాలి. గుంపుగా మీద పడినప్పుడు ఎవరి వేలు ఎవరికి తగిలిందో దేవుడికి కూడా తెలియదు. అప్పుడు పనికొచ్చేది ఆటగాడి ముఖమే. తగిలించుకున్న డిఫెండర్ ఒక్క లిప్తపాటు అంపైర్ వైపు చూస్తాడట, చూశాడా లేదా అని. పాతికేళ్ళకు పైగా ఆ చూపులు చూసిన మనిషికి, మోకాలి మీద పడ్డ రంగును గడ్డికేసి తుడుచుకునే సాఫ్ట్‌వేర్ ఇంజనీరు ఓ లెక్కా?

ఎక్కడ నిలబడాలన్నది ఆయన దృష్టిలో సగం పని. పేల్చేవాడి వెనక నిలబడితే అతని వీపు తప్ప ఏమీ కనబడదు. ఇద్దరి మధ్యకు వస్తే రెండువైపులా దెబ్బలు. బంకర్‌కు ఓ పక్కగా, దాక్కున్న మనిషి ముఖమూ తుపాకీ మూతీ రెండూ కనబడే మూలకు చేరాలి. ఆట జరుగుతున్న కొద్దీ ఆ మూల మారుతుంటుంది కాబట్టి మార్షల్ నిలబడే మనిషి కాదు, నడిచే మనిషి. ఎంత జాగ్రత్తపడ్డా మార్షల్‌కు తగులుతుంది. తగిలినప్పుడు తిట్టకూడదు, తగిలిన చోటు పట్టుకుని వంగకూడదు. "నువ్వు వంగితే గాళ్ళు ఆట బంద్ చేసి నిన్ను చూస్తరు. ఎవడో మాస్కు తీస్తడు, ఏమైందని."

రంగు పరీక్ష దగ్గర చాలాసేపు ఆగాం. గోలీ పగిలి, రూపాయి బిళ్ళంత మరక పడితే ఔట్. పగలకుండా ఎగిరిపోతే ఔట్ కాదు. పక్కనున్న డ్రమ్ముకు తగిలి చిందిన రంగు పడినా ఔట్ కాదు. చెప్పడానికి సులువే, వీపు మీద పడిన ఆకుపచ్చ మరక సూటిగా తగిలిందా, చిందిందా అన్నది రెండు సెకన్లలో తేల్చాలి. సార్ వేలి కొనతో మరక మధ్యలో తడిమాడు. గోలీ పైపొర జిలాటిన్. సూటిగా తగిలితే దాని పలచని ముక్క ఒకటైనా మరకలో అతుక్కుని ఉంటుంది. చిందు అయితే బొట్లు బొట్లుగా ఓ వైపుకు సాగి ఉంటుంది. ఆయన వేలికి అంటిన ముక్కను కొత్త పిల్లల వేళ్ళ మీద పెట్టి నలిపి చూడమన్నాడు. తడిసిన ఉల్లిపొరలా జారింది. ఆ తర్వాత వాళ్ళు ప్రతి మరకనూ తడిమి చూడ్డం మొదలుపెట్టారు, అవసరం ఉన్నా లేకున్నా.

చూడనిదాన్ని ఔట్ ఇవ్వకూడదు. పక్కవాడి సాక్ష్యం వినకూడదు. చెప్పేది ఒక్కసారే, గట్టిగా, చెయ్యెత్తి చెప్పాలి. కారణం అడిగితే ఆట అయ్యాక చెబుతాననాలి. ఔటైనవాడు తుపాకీ తల మీదికెత్తి నడుస్తున్నప్పుడు అతనితో పాటు నాలుగడుగులు వేయాలి, లేకపోతే వాణ్ణి మళ్ళీ కొడతారు. చివరి మనిషి వల దాటి, మూతికి సాక్సు తొడిగాకే మార్షల్ తన మాస్కు ముట్టుకోవాలి. ఇవన్నీ వరసగా చెప్పలేదాయన. ఒక్కొక్కటి అవసరం పడినప్పుడు, నడుస్తూ నడుస్తూ చెప్పాడు. వాటిలో ఒకటి మాత్రం ఆట ఆపి, చేసి చూపించాడు. ఆటలో ఎవరి మాస్కయినా జారిపోతే ఏం చేయాలి? విజిల్ మూడుసార్లు. కానీ విజిల్ విన్న వెంటనే ముప్పై వేళ్ళు ఆగవు. అందుకని ఊదుతూనే ఆ మనిషి దగ్గరికి పరుగెత్తాలి. ముఖం నేలవైపు వంచి, తన రెండు అరచేతులతో కళ్ళు మూసి, తన వీపు మైదానం వైపు పెట్టి కూర్చోవాలి. సార్ పరిగి పిల్లవాడి మాస్కు జారినట్టు నటింపజేసి, వాడి మీద అలా ఒంగాడు. ఆ వయసులో ఆ ఒంగడం చూసి నాకు మోకాళ్ళు నొప్పెట్టాయి. పదిసార్లు చేయించాడు. చూస్తున్న ఓ కుర్రాడు ఫోనులో వీడియో తీసి నవ్వాడు. సార్‌కు కోపం వచ్చిందో లేదో గానీ నాకు వచ్చింది.

మధ్యాహ్నం భోజనాల వేళ, తుపాకులన్నీ షెడ్డు గోడకు ఆనించి ఎండలో ఉన్నాయి. తినేసి వచ్చిన రెండో బృందం తొందరపడుతోంది. సార్ ఒక్కో తుపాకీని క్రోనోగ్రాఫ్ ముందు పెట్టి పేల్చడం మొదలుపెట్టాడు. అరచేతిలో పట్టే చిన్న డబ్బా అది, గోలీ వేగం చెబుతుంది. పొద్దున 270 చూపించిన తుపాకీ ఇప్పుడు 306 చూపించింది. దీనికి కారణం సిలిండర్‌లో ఉంది. ఇక్కడ వాడేది కార్బన్ డయాక్సైడ్. సిలిండర్‌లో కొంత ద్రవంగా, కొంత వాయువుగా ఉంటుంది. వేడెక్కితే పీడనం పెరుగుతుంది. 31 డిగ్రీలు దాటిందంటే అది ద్రవంగా ఉండనే ఉండదు. చల్లటి దేశాల్లో పుట్టిన ఆట. అక్కడ పొద్దున ఒకసారి చూసుకుంటే రోజంతా సరిపోతుందేమో. నలభై డిగ్రీల చేవెళ్ల ఎండలో పొద్దుటి తుపాకీ, మధ్యాహ్నం తుపాకీ ఒకటి కావు. వేగం పట్టించుకోని మైదానాల్లో కమిలిన మచ్చలు మధ్యాహ్నం పెద్దవవుతాయి. సంపీడనం చేసిన మామూలు గాలి వాడితే ఈ బాధ చాలావరకు తగ్గుతుంది. దానికి కంప్రెసర్ కావాలి, కంప్రెసర్‌కు డబ్బు కావాలి.

ఆయన చేతిలో చిన్న ఎలెన్ కీ. తుపాకీ పక్కనున్న స్క్రూను పావు వంతు లోపలికి తిప్పి పేలుస్తాడు: 294. ఇంకాస్త: 281. మరో వెంట్రుకవాసి: 272. ఒక్కో తుపాకీకి నాలుగైదు గోలీలు ఖర్చు. ప్రతి గోలీకీ డబ్బు కాబట్టి మేనేజరు దూరం నుంచే లెక్కపెడుతున్నాడు. సార్ ఆ వైపు చూడలేదు. సరిచేసిన తుపాకీలను నీడలో, తడి గోనెపట్టా మీద పరిచాడు. ఆ పని పూర్తయ్యేదాకా బృందాన్ని లోపలికి పోనివ్వలేదు.

షెడ్డు వెనక పాత మార్షళ్ళు నలుగురు అన్నం తింటున్నారు. నేను చేతులు కడుక్కోవడానికి వెళ్తే వాళ్ళ మాట చెవిన పడింది. ఒకడు తన మాస్కును ఎండకు అడ్డంగా ఎత్తి పట్టుకున్నాడు. అద్దమంతా గీతలు. "గీతల ఎన్కకెళ్ళి చూసి చెప్పాల్నట, రంగు పడ్డదా లేదా అని." కస్టమర్ల కోసం ఆవిరి పట్టని రెండు పొరల అద్దాలు తెప్పించారు. వాళ్ళు వాడి గీకేశాక పనికిరానివి మార్షళ్ళకు వస్తాయి. కస్టమర్ లోపల ఉండేది గంట. మార్షల్ ఉండేది రోజంతా. "పొద్దటి సంది బాయ్ బాయ్ అంటరు. ఎవడికన్న ఏమన్న అయితే అప్పుడు మార్షల్ యాడికి పోయిండు అంటరు" అన్నాడు ఇంకొకడు, అన్నంలో మజ్జిగ పోసుకుంటూ. నన్ను చూసి మాట ఆపేశారు. పత్రిక నుంచి వచ్చానని తెలిసినట్టుంది. వాళ్ళు రోజుకూలీ మీద ఉన్నారు. సోమవారం నుంచి గురువారం దాకా బృందాలు రావు కాబట్టి ఆ రోజులకు కూలీ లేదు. చెప్పుల్లోనే మైదానంలో తిరుగుతున్నారు.

నాలుగు అన్నం మెతుకులు నోట్లో వేసుకుంటూ సార్‌కు ఈ ఆట పుట్టిన కథ చెప్పాను. అమెరికాలో అడవి పనివాళ్ళు కొట్టాల్సిన చెట్లకు దూరం నుంచి గుర్తు పెట్టడానికి, పశువులవాళ్ళు మందలో ఆవులకు గుర్తు పెట్టడానికి ఓ రంగు తుపాకీ వాడేవారు. నెల్‌స్పాట్ 007 దాని పేరు. నగరంలో బతికే మనిషికి ప్రాణం కాపాడుకునే తెలివి ఎక్కువా, అడవి తెలిసినవాడికి ఎక్కువా అని కొందరు మిత్రుల మధ్య వాదన వచ్చింది. తేల్చుకుందామని 1981 జూన్ 27న న్యూహాంప్‌షైర్ రాష్ట్రంలో హెన్నికర్ దగ్గరి అడవిలో 12 మంది ఆ తుపాకులు పట్టుకుని దిగారు. ఎవరి జట్టు వాళ్ళదే, అందరూ ఒంటరి. జెండాలన్నీ పోగుచేసి గెలిచినవాడు రిచీ వైట్ అనే అటవీ ఉద్యోగి. ఆట మొత్తంలో అతను ఒక్క గోలీ కూడా పేల్చలేదు.

సార్ కొంచెంసేపు నవ్వాడు. "గసొంటోడు రిఫరీకి తలనొప్పి ఇయ్యడు" అన్నాడు. "తలనొప్పంతా గోలీలు ఎక్కువ కొనేటోడితోనే."

ఆ తలనొప్పి నాలుగింటి ఆటలో రానే వచ్చింది. అంతకు ముందు ఇంకోటి జరిగింది. ఆట మధ్యలో వల తలుపు తెరుచుకుని యజమాని లోపలికొచ్చాడు. ముఖానికి మాస్కు లేదు, చేతిలో ఫోను. రీల్ తీయాలట, దగ్గర్నుంచి తీస్తే బాగా వస్తుందట. కొత్త మార్షళ్ళిద్దరి మెడలోనూ అప్పటికి విజిళ్ళున్నాయి. పరిగి పిల్లవాడు విజిల్ పెదవుల దాకా తెచ్చి ఆగిపోయాడు. సార్ మైదానం అవతలి కొసన ఉన్నాడు. అక్కణ్ణుంచే మూడు విజిళ్ళు ఊదాడు. ఆట ఆగింది. యజమాని చెయ్యి ఊపి, "ఒక్క నిమిషం సార్" అన్నాడు. సార్ ఇంకో విజిల్ ఊదాడు. యజమాని వెనక్కి వెళ్ళిపోయాడు గానీ వల దాటేదాకా ఫోను దించలేదు.

తలనొప్పి మనిషి జట్టుకు నాయకుడు, ఆఫీసులో కూడా వాళ్ళకు నాయకుడేనట. అదనంగా రెండు పెట్టెల గోలీలు కొన్నాడు. ఆటో వెనక దాక్కుని, చెయ్యి మాత్రం బయటపెట్టి, చూడకుండా కాలుస్తున్నాడు. ఎడమ భుజం ఎగిరింది. పక్కకు తిరిగి గడ్డి పీకి తుడుచుకున్నాడు. తుడుస్తూ పరిగి పిల్లవాడి వైపు చూశాడు. నేను కూడా ఆ చూపు చూశాను. పొద్దున వినకపోతే నాకది కనబడేది కాదు.

"సార్, ఔట్" అన్నాడు పిల్లవాడు చెయ్యెత్తి.

"ఏం ఔట్? చిందింది."

"తుడిసిన్రు సార్. ఔట్."

"నీకేం తెలుసురా? ఎంతకాలమైంది నువ్వొచ్చి? మీ మేనేజర్‌ను పిలువు."

పిల్లవాడు రెండడుగులు వెనక్కి వేశాడు. చెయ్యి మాత్రం దించలేదు. మేనేజరు అప్పటికే వల దగ్గరకొచ్చి "పోనీలేరా" అన్నట్టు సైగ చేస్తున్నాడు. సార్ తొందరపడకుండా నడిచొచ్చి, పిల్లవాడి పక్కన నిలబడ్డాడు. మరక చూడలేదు, చూపించమని అడగలేదు. "సార్, పిలగాడు ఔటన్నడు. బయటికి పోండ్రి" అన్నాడు. ఆ మనిషి ఇంగ్లీషులో చాలా మాట్లాడాడు. డబ్బు కట్టామన్నాడు, రివ్యూ రాస్తానన్నాడు. చివరికి అతని జట్టులోని అమ్మాయే "నేనూ చూశాను సార్, వెళ్దాం పదండి" అంది. అతను వెళ్తూ వెళ్తూ వల తలుపు దగ్గర మాస్కు తీసేయబోతే పిల్లవాడి విజిల్ మోగింది, ఈసారి ఎవరి వైపూ చూడకుండా.

దీన్ని చిన్న గొడవ అనుకుని వదిలేయవచ్చు. నాకు వదలబుద్ధి కావడం లేదు. అతను ఒప్పుకోనిది నియమాన్ని కాదు, చెప్పిన మనిషిని. యూనిఫాం లేని, చెప్పులేసుకున్న, మన ఊరి యాసలో మాట్లాడే ఇరవయ్యేళ్ళవాడు ఆగమంటే ఆగడం మనకు అలవాటు లేదు. ఈ అయిదారేళ్ళలో నగరం చుట్టూ ఎన్ని ఆటలొచ్చాయో చూడండి: తాళ్ళ మీద జారేవి, ఎగిరే తొట్లు, అలలు లేపే కొలనులు, గోకార్టులు. ప్రతిదానికీ యంత్రం దిగుమతి అవుతుంది, ప్రకటన తయారవుతుంది. ఆ తాడుకు కొక్కెం తగిలించేవాడు, కొలను గట్టున నిలబడి లెక్కపెట్టేవాడు, "ఇప్పుడొద్దు, ఆగండి" అనాల్సినవాడు నిన్న చేరి రేపు మానేసే రోజుకూలీ. యంత్రం పాడైతే మెకానిక్కు వస్తాడు. ఈ మనిషికి పని నేర్పేవాడు ఏడి?

ఒకప్పుడు నేర్పేవాళ్ళు బడుల్లో ఉండేవాళ్ళు. మా ఊరి బడిలో డ్రిల్లు సారు ఆటలు నేర్పేవాడు, అంతకంటే ముఖ్యంగా ఒక్కో వారం ఒక్కో పిల్లవాడి చేతికి విజిల్ ఇచ్చేవాడు. విజిల్ ఉన్నవాడు చెప్పిందే చెల్లేది. వాడు తరగతిలో అందరికంటే పొట్టివాడైనా, చివరి బెంచీ వాడైనా సరే. నిర్ణయం చెప్పడం, చెప్పాక భయపడకుండా నిలబడడం అక్కడ వచ్చేవి. వినడం కూడా అక్కడే వచ్చేది. ఇప్పుడు ఆ బడిలో ఆ పోస్టులో ఎవరూ లేరు. ప్రైవేటు బడుల్లో ఆటల పీరియడు లెక్కల మాస్టారికి పోయింది. ఆటలు టీవీలో పెరిగాయి, మైదానంలో తీర్పు చెప్పే పిల్లలు తగ్గారు. క్రికెట్ నిర్ణయాన్ని తెర మీద పదిసార్లు తిప్పి చూసుకునే మనం, హైదరాబాదీ వి.కె. రామస్వామిని ఎంతమందిమి గుర్తుపెట్టుకున్నాం? 1986 నవంబరులో లాహోర్‌లో పాకిస్తాన్, వెస్టిండీస్ టెస్టుకు ఆయన, పీలూ రిపోర్టర్ తటస్థ అంపైర్లుగా నిలబడ్డారు. సొంత దేశపు అంపైర్లే నిలబడే కాలంలో, ఆతిథ్య దేశం తన మైదానంలో మనవాళ్ళను పిలిచి తీర్పు చెప్పమంది. ఆ టెస్టు ఆడినవాళ్ళ పేర్లు చెప్పగలిగే అభిమానులు మన ఊళ్ళో ఇంకా ఉంటారు.

యజమానితో మాట్లాడాను. చెడ్డవాడేమీ కాదు. సార్ అంటే నిజంగానే గౌరవం ఉంది. అద్దె, కరెంటు, వర్షాకాలంలో రెండు నెలల నష్టం, అన్నీ చెప్పాడు. మార్షళ్ళకు మంచి మాస్కులు ఈ సీజన్ అయ్యాక తెస్తానన్నాడు. శిక్షణ గురించి అడిగితే మాత్రం చిరాకుపడ్డాడు. "నేర్పిచ్చి ఏం లాభమండి? నెల తిరగంగనే పక్క రిసార్టుల ఇరవై రూపాయలు ఎక్కువిస్తే పోతరు." నేర్పకపోతే ఉండిపోతారా అని అడిగాను. దానికి సమాధానం చెప్పకుండా, గాలి నింపే కొత్త బంకర్లు వస్తున్నాయని, వాటి ఫొటో తప్పకుండా వేయమని చెప్పాడు. సార్ అడుగుతున్నదల్లా మైదానంలోకి దింపే ముందు రెండు రోజులు, ఆ రెండు రోజులకూ కూలీ. ఆ లెక్క రెండు పెట్టెల గోలీల ఖరీదు దాటదని ఆయన వేలు మడిచి చూపించాడు.

అయిదున్నరకు చివరి బృందం బట్టలు మార్చుకుంటోంది. కొత్త పిల్లలిద్దరూ తుపాకీల మూతుల్లోంచి గుడ్డ లాగుతూ రంగు తుడుస్తున్నారు. సార్ పరిగి పిల్లవాడి పక్కన కూర్చుని, వాడు వెనక్కి వేసిన ఆ రెండడుగుల గురించి మాట్లాడుతున్నాడు. అరిచేవాడు ముందుకొస్తే పక్కకు జరగాలట, వెనక్కి కాదు. వెనక్కి పోతే నీ నిర్ణయం నీకే నమ్మకం లేదని వాడికి అర్థమవుతుంది. లేచి, ఎలా జరగాలో ఓసారి చూపించాడు. పిల్లవాడు తలాడించాడు గానీ వాడి మనసులో ఉన్నది వేరే.

"సార్, మరి మాస్కు తీసింది ఓనరే అయితే?"

"గాయనకు సుత గంతే."

"పని తీసేస్తే?"

సార్ చేతిలోని తుపాకీకి సాక్సు తొడిగి, రబ్బరు లాగి బిగించాడు. "ముందుగాల విజిల్ ఊదు. తర్వాత నమస్తే సార్ అను."